గొరిల్లాకు పది మీటర్లు... మరి మనుషులకు?

అడవికి వెళ్లే విహారయాత్రలో పిల్లలకు ముందుగా నేర్పాల్సింది అతిథి మర్యాద

నవంబరు దాటి వరికోతలు ఊపందుకున్నాయంటే మన తెలుగు బడుల్లో విహారయాత్రల మాట మొదలవుతుంది. రాయగడ, గుణుపురం వైపు పిల్లలు అరకు, బొర్రా గుహలు, విశాఖ సముద్రం అంటారు. కొరాపుట్, జయపురం వైపు పిల్లలు పూరీ, కోణార్క అంటారు. ఈమధ్య రెండువైపులా ఇంకో కోరిక వినిపిస్తోంది. ‘‘మాస్టారూ, ఈసారి అడవికెళ్దాం. టీవీలో ఆఫ్రికా అడవులు చూపిస్తారు కదా, అలాంటి చోటికి.’’

కోరిక మంచిదే. అడవిని, జంతువులను, అడవితో బతికే మనుషులను ఒకే యాత్రలో చూడాలంటే మనం విమానం ఎక్కనక్కర్లేదు. మన జిల్లాల్లో బస్సెక్కితే చాలు. అయితే బయలుదేరే ముందు, ఆ ఆఫ్రికా అడవుల్లోనే ఒకచోట సందర్శకులకు ఏ నియమాలు పెట్టారో పిల్లలతో కలిసి చదువుకుంటే మన యాత్రకు పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

బ్విండిలో గంటసేపు

ఉగాండా దేశం నైరుతి మూలన బ్విండి అనే వర్షారణ్యం ఉంది. విస్తీర్ణం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. చెట్లు, తీగలు, పొదలు అల్లుకుపోయి ఎంత దట్టంగా ఉంటుందంటే, చొరరాని అడవి అన్న మాట ఆ పార్కు పేరులోనే ఉంది. 1991లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ప్రపంచం మొత్తం మీద కొండ గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన మాత్రమే ఉంటే, 2018 లెక్క ప్రకారం వాటిలో 459 బ్విండిలోను, దాన్ని ఆనుకుని ఉన్న కాంగో అడవిలోను ఉన్నాయి.

వాటిని చూడ్డానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. కానీ గొరిల్లా గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు. అక్కడ గంటకు మించి ఉండనివ్వరు. గొరిల్లాకు పది మీటర్ల దూరంలో ఆగిపోవాలి. కోవిడ్‌కు ముందు ఈ దూరం ఏడు మీటర్లు ఉండేది. జలుబు, దగ్గు ఉన్నవాళ్లను రానివ్వరు. మన జలుబు దానికి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కావచ్చు. ఫొటోకు ఫ్లాష్ వెలిగించకూడదు. పదిహేనేళ్లు నిండని పిల్లలకు ప్రవేశమే లేదు. మన ఎనిమిదో తరగతి పిల్లలు అక్కడిదాకా వెళ్లినా గేటు బయటే ఉండాలన్నమాట.

అదే అడవిలో తరతరాలుగా బట్వా అనే జనం ఉండేవాళ్లు. వేట, తేనె, దుంపలు వాళ్ల జీవనం. అడవిని పార్కు చేసినప్పుడు వాళ్లు బయటికి రావలసి వచ్చింది. చేతిలో భూమి కాగితం లేనివాళ్లకు పరిహారం ఎక్కడిది? చాలామంది అడవి అంచున ఇతరుల పొలాల్లో కూలీలయ్యారు. ఇప్పుడు వాళ్లలో కొందరు సందర్శకుల ముందు పాత వేట పద్ధతులు చేసి చూపిస్తారు, నిప్పు రాజేసి చూపిస్తారు, పాడి ఆడి చూపిస్తారు. 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బట్వాలకు అనుకూలంగా మాట్లాడి, వాళ్లకు జరగాల్సిన న్యాయం తేల్చమని కేసును హైకోర్టుకు పంపింది.

గొరిల్లా ముందు ఎలా నిలబడాలో అక్కడ కొలిచి చెప్పారు. ఇల్లు పోగొట్టుకుని, ఆ ఇంట్లో బతుకు ఎలా ఉండేదో ఆడి చూపిస్తున్న మనిషి ముందు ఎలా నిలబడాలో పిల్లలకు ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న ఉగాండాకే కాదు, మన కొండలకూ వర్తిస్తుంది.

మన అడవిలో ఏముంది?

ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో జాతీయ పార్కు లేదు. ఒడిశాలో ఉన్నవి రెండే: భితరకనికా, 2025లో జాతీయ పార్కు అయిన సిమిలిపాల్. మన అడవి ఏడాది పొడవునా తడిసి ఉండే ఆఫ్రికా వర్షారణ్యమూ కాదు. ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవే. గుగ్గిలం చెట్లు, ఇప్ప, వెదురు, జీలుగు, అడ్డతీగలు. బస్సు దిగగానే పులి కనబడుతుందని పిల్లలకు ఆశ పెట్టకూడదు. ఈ అడవిలో కళ్ల కంటే ముందు చెవులకు పని ఉంటుంది.

జయపురం దగ్గరి గుప్తేశ్వర్‌నే తీసుకుందాం. గుహలో శివలింగం ఉంది కాబట్టి మన పెద్దలందరికీ తెలిసిన చోటే. శివరాత్రికి వెళ్లి వచ్చినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ గుడి చుట్టూ ఉన్న అడవిలో 350 హెక్టార్లను 2024లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. రాష్ట్రంలో అలాంటివాటిలో అది నాలుగోది. అక్కడ 608 రకాల జీవులను లెక్కించారు. వాటిలో పక్షులే 188 రకాలు. మనిషి మాటను అనుకరించే కొండ గోరింక అక్కడ ఉంది. సున్నపురాతి గుహల్లో గబ్బిలాల జాతులే ఎనిమిది. నదిలో మొసళ్లున్నాయి. దైవదర్శనం చేసుకుని వచ్చేస్తే ఇవేవీ కనబడవు. శివరాత్రి రద్దీలో అసలే కనబడవు. డిసెంబరులోనో జనవరిలోనో తెల్లవారుజామున వెళ్లి, నలభై మంది పిల్లలు అరగంట మాట్లాడకుండా కూర్చోగలిగితే అడవి తనే మాట్లాడుతుంది.

ఇక నదులు. గుప్తేశ్వర్ పక్కన పారేది కొలాబ్. అదే కిందికి దిగి శబరి అనే పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. రాయగడ జిల్లాను, కలహండిని కలిపే నియమగిరి కొండల్లో పుట్టే వంశధార గుణుపురం మీదుగా పారి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలహండిలో పుట్టే నాగావళి రాయగడ పట్నం పక్కనుంచి శ్రీకాకుళం చేరుతుంది. మన ఇళ్లలో సగం మందికి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు చుట్టరికాలున్నాయి. గొట్టా దగ్గరో తోటపల్లి దగ్గరో మేనమామ పొలానికి నీళ్లు పారుతున్నాయంటే, ఇక్కడి కొండ మీద చెట్టు నిలిచి ఉండడమే దానికి మూలం. ఈ ఒక్క సంగతి భారతదేశ పటం మీద వేలు పెట్టి చూపించినా పిల్లలకు సగం యాత్ర అయినట్టే.

చాటికోన సంత

నియమగిరి పాదాల దగ్గర బిస్సంకటక్ బ్లాకులో చాటికోన ఉంది. అక్కడ బుధవారం సంత. కొండ మీది ఊళ్ల నుంచి డోంగ్రియా కోంధు ఆడవాళ్లు పసుపు, అల్లం, అరటి, అనాస, పనస, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు ఏ కాలానికి ఆ సరుకు తలమీద మోసుకుని కాలినడకన దిగుతారు. ఉప్పు, నూనె, ఎండుచేప, బట్ట కొనుక్కుని మళ్లీ ఎక్కుతారు. దేశంలో అత్యంత బలహీన గిరిజన సమూహాలుగా ప్రభుత్వం గుర్తించినవి 75 ఉంటే, 13 ఒడిశాలోనే ఉన్నాయి. డోంగ్రియాలు వాటిలో ఒకరు.

ఈ సంతకు కెమెరాలు కూడా వస్తాయి. కూర్చున్న మనిషి మొహానికి జానెడు దూరంలో ఫోను పెట్టి ఫొటో తీయడం, ఆమె కొంగు అడ్డం పెట్టుకుంటే నవ్వడం, ముక్కుపుడకలు ఎన్నున్నాయో లెక్కపెట్టి గట్టిగా చెప్పడం మేం పలుసార్లు చూశాం. తీసేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మనలాంటివాళ్లే. సంత అంటే అమ్మకం కొనుగోలు జరిగే చోటు. అక్కడ అల్లం అమ్మకానికి ఉంది. అమ్మే మనిషి అమ్మకానికి లేదు. గొరిల్లాకు పది మీటర్లు అని చదివిన పిల్లలకు ఈ తేడా చెప్పడం కష్టం కాదు.

ఆమె భుజాన ఉన్న శాలువా సంగతి చూడండి. దాని పేరు కపడాగండా. ముతక తెల్లబట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో డోంగ్రియా ఆడపిల్లలు కుడతారు. అందులో వరసగా కనబడే త్రికోణాలు కొండలు. 2024 జనవరిలో ఒడిశా వస్తువులు ఏడింటికి భౌగోళిక గుర్తింపు వస్తే, మూడు మన చుట్టుపక్కలవే: డోంగ్రియాల కపడాగండా, లాంజియా సవరల గోడచిత్రం, కొరాపుట్ కాలాజీరా బియ్యం. సవరల చిత్రానికి ఇదితాల్ అని పేరు. అది ఇంటి అలంకారం కాదు, పెద్దల పేరున, దేవతల పేరున గోడ మీద వేసుకునే పూజ. మన దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చి ఎవరైనా ఫొటో తీస్తే మనం ఊరుకుంటామా?

కాలాజీరా వెనుక కూడా మనుషులున్నారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కొరాపుట్ జిల్లా పాత్రపుట్‌కు చెందిన కమలా పూజారి ఊరూరా తిరిగి వందకు పైగా దేశవాళీ వరి రకాల విత్తనాలు కాపాడారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో కన్నుమూశారు. విత్తనం దాచడం కూడా విద్యే అని చెప్పడానికి మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

వాళ్ల ఇల్లు, మన ఇల్లు

భాషా మైనారిటీ బడుల వాళ్లం కాబట్టి మనం ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇది. డోంగ్రియాలు మాట్లాడేది కువి భాష. అది ఒడియాకు యాస కాదు, అర్థంలేని గొణుగుడూ కాదు. ద్రావిడ భాషల్లో తెలుగు ఏ శాఖలో ఉందో కువి, కుయి, గోండి, కొండ, పెంగో కూడా ఆ శాఖలోనే ఉన్నాయి. తమిళం, కన్నడం కంటే ఇవే మనకు దగ్గరి చుట్టాలు. కువిలో ఇంటిని ‘ఇలు’ అంటారు. కంటిని ‘కను’ అంటారు. చెట్టును కొన్నిచోట్ల ‘మ్రాను’ అంటారు. మనం ఆ మాటను పద్యాల్లోనే మిగుల్చుకున్నాం, వాళ్లు రోజూ వాడుతున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి ఈ కొండ భాషల్ని ఎంత శ్రద్ధగా చదివారో, కొండ భాష మీద 1969లో వచ్చిన ఆయన పుస్తకమే సాక్ష్యం.

సవర భాష మరో కుటుంబం, ముండా కుటుంబం. గదబలలో అయితే ఒకే పేరున్న జనంలో కొందరు గుతోబ్ అనే ముండా భాష, మరికొందరు ఒల్లారి అనే ద్రావిడ భాష మాట్లాడతారు. వీళ్లందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి దేశియా ఉంది. అంటే కొరాపుట్ సంతలో ఒక ముసలమ్మ రెండు మూడు భాషల్లో బేరం చేస్తుంది. మన ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు అని మనం గర్వంగా చెప్పుకునేది ఆమెకు నిత్యజీవితం.

ఏటా ఆగస్టు 29న మన బడులన్నిటా గిడుగు రామమూర్తిగారి ఫొటోకు దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడాడని పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తాం. ఆయన పర్లాకిమిడిలో మనలాగే బడిపంతులు. పక్క కొండల మీది సవరల భాషను దశాబ్దాల పాటు నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టి, ఆ భాషలోనే పాఠాలు రాశాడు. 1931లో సవర వ్యాకరణం, తరువాత నిఘంటువు తెచ్చాడు. 1936లో సవరలలోనే మంగేయి గొమాంగో తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేసుకున్నాడు. దండ వేసే రోజున ఈ కథ కూడా చెప్పాలి. తన భాషను ప్రేమించినవాడు పక్కవాడి భాషను చిన్నచూపు చూడడనడానికి గిడుగువారి కంటే ఉదాహరణ ఎవరు?

మాతృభాషలో ప్రాథమిక విద్య కోసం మనం రాజ్యాంగం 350ఏ అధికరణాన్ని చూపించి అర్జీలు పెడతాం. తెలుగు పుస్తకాలు ఆలస్యమైతే, ఖాళీ అయిన తెలుగు పంతులు పోస్టు నింపకపోతే గొంతెత్తుతాం. ఎత్తాలి కూడా. ఆ అధికరణం కువి పిల్లవాడికీ, సవర పిల్లకూ అంతే చెందుతుంది. ఒడిశా ప్రభుత్వం 2007 నుంచి కువి, సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది కూడా. మన పిల్లవాడి ఒడియా పలుకుబడిని ఎవరైనా వెక్కిరిస్తే మన మనసు చివుక్కుమంటుంది. అదే పిల్లవాడు చాటికోన సంతలో కువి మాటను వెక్కిరిస్తే మనం నవ్వి ఊరుకుంటే, రేపు మన అర్జీకి ఏం బలం ఉంటుంది?

కొండ తరఫున పన్నెండు ఊళ్లు

నియమగిరి పేరు పిల్లలు వార్తల్లో వినే ఉంటారు. ఆ కొండ తమ నియమరాజు నివాసమని డోంగ్రియాల నమ్మకం. శిఖరం మీది అడవిని నరకకపోవడం వాళ్ల ఆచారం. ఆ శిఖరం కింద బాక్సైటు ఉంది. గని తవ్వాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి జనానికి తమ దేవుణ్ని కొలుచుకునే హక్కుంది, ఆ హక్కుకు భంగం ఉందో లేదో గ్రామసభలే తేల్చాలి అని 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పిచ్చింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతి నిరాకరించింది.

గని వస్తే ఉద్యోగాలు వచ్చేవి కదా అనే తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. పై తరగతుల్లో దాని మీద చర్చ పెట్టవచ్చు. కానీ ఒక సంగతి పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. బ్విండిలో అడవి మిగిలింది గానీ అడవి మనుషులు బయటికి పోయారు. నియమగిరిలో అడవీ మిగిలింది, మనుషులూ మిగిలారు. వాళ్లను అడిగారు కాబట్టే అది సాధ్యమైంది. ఆ కొండకు వెళ్లే మనం కూడా అడిగే వెళ్లాలి.

బడి పెట్టుకోగల నియమాలు

మేం కొందరు ఉపాధ్యాయులం కూర్చుని రాసుకున్నవి ఇవి. ఏ బడికి ఆ బడి మార్చుకోవచ్చు.

1. యాత్రకు ముందు రెండు పాఠాలు: ఒకటి నదుల పటం, రెండోది భాషల పటం. కొరాపుట్‌లో జగన్నాథ ఆలయం దగ్గరున్న గిరిజన మ్యూజియం మొదటి మజిలీగా పెట్టుకుంటే చెప్పిన పాఠం కంటికి కనబడుతుంది.

2. సంతకు ఇరవై మందికి మించి ఒకేసారి వద్దు. మిగతావాళ్లు వంతు వచ్చేదాకా బస్సు దగ్గర. ఫోన్లు టీచరు సంచిలో. ఫొటో బదులు నోటుపుస్తకంలో బొమ్మ గీయాలి. గీయడానికి చూడాలి, చూడడానికి ఆగాలి. ఫొటో తప్పనిసరైతే అడిగి, ఒప్పుకుంటేనే తీయాలి.

3. ప్రతి పిల్లా ఒక వస్తువు కొనాలి. ఎంత అని అడగాలి, అడిగిన ధర ఇవ్వాలి. ‘మావుసీ’ అని పిలవాలి. చాక్లెట్లు, చిల్లర పంచకూడదు. కొనడంలో మర్యాద ఉంది, పంచడంలో లేదు.

4. కొండ మీది ఊళ్లలోకి చెప్పకుండా వెళ్లకూడదు. ఆ ఊరి పెద్దలు, అక్కడ పనిచేసే ఉపాధ్యాయుడు లేదా అధికారి ద్వారా ముందే అడగాలి. వద్దంటే సంత వరకే యాత్ర. ఆడమని, పాడమని ఎవరినీ కోరకూడదు.

5. జలుబు, దగ్గు, జ్వరం ఉన్న పిల్లలు ఆగిపోవాలి. ఇవి మలేరియా కొండలు కూడా. రాత్రి బస ఉంటే దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

6. తిండి అడ్డాకుల విస్తళ్లలో. చోడి అంబలి దొరికితే రుచి చూడాలి. ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి కూడా వెనక మిగలకూడదు.

7. తిరిగొచ్చాక వ్యాసం అంశం ‘నేను చూసిన గిరిజనులు’ కాదు. ‘నేను నేర్చుకున్న ఐదు మాటలు’.

తల్లిదండ్రులకు ఒక మనవి. యాత్ర నుంచి వచ్చిన బిడ్డను ‘‘ఏ జంతువు చూశావు?’’ అని అడిగితే బహుశా కోతి, ఉడుత, రెండు పిట్టలు చెబుతుంది. మీరు వేసవికి అరకు తీసుకెళ్లలేదని బాధపడక్కర్లేదు. ‘‘ఎవరితో మాట్లాడావు? ఏ భాషలో?’’ అని అడగండి.

ఇంకొకటి. రాయగడ, బిస్సంకటక్, గుణుపురం పట్నాల్లో హాస్టళ్లలో ఉండి చదువుకునే కువి, సవర పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో పదిమందిని వాళ్ల వార్డెను అనుమతితో మన తెలుగు బడి వార్షికోత్సవానికి పిలుద్దాం. వేదిక మీద ఆడించడానికి కాదు, ముందు వరసలో కూర్చోబెట్టి మన పిల్లలతో పాటు భోజనం పెట్టడానికి. మనం వాళ్ల కొండకు వెళ్లాం కాబట్టి, వాళ్లు మన ఇంటికి రావడం న్యాయం.